కులసుం అడిగిన చేతి మిషను

కులసుం నన్ను అడిగింది చేతి మిషను. ఈ ముక్క మొదట్లోనే రాసేస్తున్నాను. ఎందుకంటే ఈ సంగతి ఎవరికి చెప్పినా నేను దీన్ని మెల్లగా దాటేసి, తప్పంతా దుకాణం సేటు మీదికో, ఆమె మామ మీదికో నెడతానని మా ఆయన దెప్పుతుంటాడు. ఆయన పేరు బస్వరాజ్. నోటితో పలకను గానీ రాయడానికి అడ్డేముంది? జహీరాబాద్ గంజ్‌లో ఆయనకు బెల్లం, పప్పుల దుకాణం ఉంది. నా పేరు మనోరమ. సదాశివపేటలో ఏడో తరగతి దాకా చదివి, పదిహేడో ఏట కోడలిగా ఈ ఊరికి వచ్చాను. కోపం తొందరగా వస్తుంది, పంతం పడితే వదలను. ఈ రెండూ నాకు గొప్పగా కనిపించిన రోజులు కూడా ఉన్నాయి.

మా ఇంటికీ హఫీజుద్దీన్ చాచా ఇంటికీ నడుమ ఒకటే గోడ. ఆయన నిజాం కాలం నుంచి తహసీల్ కచేరీలో చప్రాసీగా చేసి పింఛను తీసుకున్న మనిషి. కిరాయి ఇల్లు. వెనక ఒక చీకటి గది, పక్కన వంటిల్లు, ముందు వసారాలాంటి దాలాన్, దాని ముందు చిన్న వాకిలి. భార్య పోయిన ఏడాదికే ఆయనకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ ఎడమ కాలూ పడిపోయాయి. మాటకు మాత్రం ఏమీ కాలేదు. అప్పటి నుంచి దాలాన్‌లో మంచం మీదే ఆయన లోకం. ఒక్కగానొక్క కొడుకు అజీజ్ బొంబాయి రోడ్డు మీద లారీ నడిపేవాడు. ఒక కూతురు న్యాల్‌కల్‌లో ఉంది. అజీజ్ భార్యే కులసుం, కోహీర్ పిల్ల. వాళ్లకు మూడేళ్ల ఆడపిల్ల, పేరు హబీబున్నీసా. అందరం హబీబ అనేవాళ్లం.

వాళ్ల ఇంట్లో కోడలు మామతో నేరుగా మాట్లాడదు, మామా కోడలితో మాట్లాడడు. మా ఇళ్లల్లోనూ కొంచెం అటూ ఇటుగా ఇదే మర్యాద, అందుకని నాకు వింతగా తోచేది కాదు. అత్త బతికున్నప్పుడు ఈ దిక్కు మాట ఆ దిక్కుకు ఆమె చేరవేసేది. ఆమె పోయాక ఆ పని అజీజ్ మీద పడింది. అన్నం తిన్నారా, మందు వేసుకున్నారా, అన్నీ అజీజ్ నోటితోనే. లారీ మీద పోయిన రోజుల్లో హబీబ వచ్చీ రాని మాటలతో దాదాకు నీళ్లంట, దాదాకు చాయంట అని మోసేది.

1961లో వానలు వెనకబడుతున్న రోజుల్లో, చిరాగ్‌పల్లి దగ్గర అజీజ్ లారీ పల్టీ కొట్టింది. పొద్దున పోయిన మనిషిని మధ్యాహ్నం నలుగురు మోసుకొచ్చారు. కులసుంకు అప్పటికి ఇరవై ఒక్కటి. నేను ఆమె పక్కనే కూర్చున్నాను. ఆమె ఏడవలేదు. పిల్లకు ఆకలేస్తుందేమో చూడమని నాతో రెండుసార్లు అన్నది.

భర్త పోయిన ఆడమనిషి వాళ్లలో నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ కూర్చోవాలి. గడప దాటకూడదు, పరాయి మగవాడి కంట పడకూడదు. అది మొదలైన మూడో రోజునే కోహీర్ నుంచి అన్న మన్సూర్ వచ్చాడు. దాలాన్‌లో చాచా మంచం పక్కన కూర్చుని, ఇద్దత్ తీరగానే చెల్లెల్ని తీసుకుపోతానన్నాడు. కోహీర్‌లో జామతోట ఉన్న ఒకాయన భార్య పోయిందట, ముగ్గురు పిల్లలట, నికా చేసుకుంటానన్నాడట. అయితే ఇంకొకరి పిల్లను మాత్రం తేవద్దన్నాడట. హబీబ అజీజ్ రక్తం, ఈ ఇంట్లోనే పెరుగుతుందని చాచా తేల్చేశాడు. నేను తలుపు వెనక కులసుం పక్కనే ఉన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"పిల్లను ఇడిసి నేను పోను అక్క. ఏ పని చెయ్యమన్న చేస్త. పోను," అన్నది.

ఆ మాట బయటికి మోసింది నేనే. చాచా చాలాసేపు ఆలోచించాడు. తన పింఛను ముగ్గురికి ముప్పూటలా పెట్టలేదు, అది అందరికీ తెలిసిందే. చివరకు, ఇంట్లో కూర్చుని కుట్టుపని చేసి తన తిండి తాను సంపాదించుకోగలిగితే ఉండనిమ్మన్నాడు. రంజాన్ పండగకు ఊరంతా కొత్త బట్టలు కుట్టించుకుంటుంది కాబట్టి, ఆ నెల గడిస్తే ఆమె సంగతి తేలిపోతుంది. అప్పటికీ కాకపోతే మన్సూర్ తీసుకుపోవచ్చు. మన్సూర్ ఇష్టం లేకుండానే ఒప్పుకున్నాడు. అట్లా ఆ పిల్ల తన బిడ్డ దగ్గర ఉంటుందా లేదా అన్నది ఒక మిషను మీద పడింది.

మా గల్లీలో తాజ్ బేగం అని ఒక పెద్దావిడ. ఇరవై ఏళ్లుగా చేతి మిషను తిప్పి ముగ్గురు పిల్లల్ని పెంచింది. మనిషి కటువు, పని శుభ్రం. ఇద్దత్‌లో ఉన్న కులసుం బయటికి రాకూడదు కనక, ఈమే మధ్యాహ్నాలు మిషనును గంపలో పెట్టుకుని నెత్తి మీద మోసుకొచ్చేది. వెనక గదిలో చాప మీద పెట్టి నేర్పేది. మొదటి పది రోజులు దారమే ఎక్కించనివ్వలేదు. పాత ఉర్దూ పేపరు మీద పెన్సిలుతో గీతలు గీసి, ఉత్త సూదితో ఆ గీతల మీదే నడవమనేది. సూది గీత తప్పితే మళ్లీ మొదటి నుంచి. తిన్నటి గీతలయ్యాక వంకర గీతలు, ఆ తర్వాత దారం, ఆ తర్వాత పాత లుంగీ గుడ్డ. కులసుం కుడిచేత్తో పిడి తిప్పుతూ, ఎడమచేత్తో గుడ్డ నడిపిస్తూ, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని కుట్టేది. జనవరి వచ్చేసరికి దిండు గలీబులు, పిల్ల పైజామా కుట్టింది. తాజ్ బేగం కుట్టు తిప్పి చూసి ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోతే బాగున్నట్టే.

ఇద్దత్ తీరింది. లారీ ఓనరు ఇచ్చిన డబ్బు చాచా తలకింద ఉంది, అది మిషనుకని తీసి నా చేతికిచ్చాడు. ఒక్క మిషనుకు సరిపోతుంది, రెండో మాట లేదు. కులసుం బజారుకు పోతే మన్సూర్ ఊరుకోడు కనక, నేనూ మా ఆయనా పోయి కొనాలని అనుకున్నాం. తాజ్ బేగం తానూ వస్తానన్నది గానీ, శుక్రవారం దాకా చేతిలో పని ఉందన్నది. ఏం చూడాలో మాత్రం చెప్పింది. చక్రం ఒక వేలితో తిప్పినా తిరగాలి. మందం గుడ్డ రెండు మడతలు, పల్చటి మల్లు ఒక మడత, రెండూ కుట్టించి కింద వైపు చూడాలి, పైన ఎట్లుందో కింద అట్లే ఉండాలి. సూదులూ బాబిన్లూ ఈ ఊరి బజార్లో దొరికే రకమే కావాలి. కులసుం మాత్రం ఒక్కటే చెప్పింది.

"చేతి మిషనే తీస్కరా అక్క. నాకు వచ్చింది అదే."

శుక్రవారం దాకా ఆగడం నా వల్ల కాలేదు. బుధవారమే మా ఆయన్ను వెంటబెట్టుకుని సైకిళ్లూ మిషన్లూ అమ్మే మదన్‌మోహన్ సేటు దుకాణానికి పోయాను. ఇంట్లోంచి గోనె గుడ్డ ముక్క, మల్లు ముక్క తీసుకుపోయాను. సేటు మూడు చేతి మిషన్లు దించాడు. వేలితో చక్రాలు తిప్పాను, కుట్టించాను, గుడ్డ తిరగేసి చూశాను. ఏదో పెద్ద దర్జీనైనట్టు పెదవి విరిచాను. రెండోది అన్నిటా సరిపోయింది. అక్కడితో డబ్బులిచ్చి ఇంటికి రావాల్సింది.

గోడ వారన కాలు మిషను ఉంది. ఇనుప కాళ్లు, చెక్క బల్ల, నల్లటి ఒంటి మీద బంగారు రంగు పూలు. కొంచెం పాతది, ఎవరో తిరిగి ఇచ్చేసినది, అందుకే మా దగ్గరున్న డబ్బుకు దొరుకుతుందన్నాడు సేటు. సదాశివపేటలో మా బడి పంతులమ్మ ఇంట్లో అట్లాంటిదే ఉండేది. కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని ఆమె కుడుతుంటే నేను వీధిలో నిలబడి చూసేదాన్ని. పెళ్లయ్యాక మా ఆయన్ను రెండుసార్లు అడిగాను, నవ్వి ఊరుకున్నాడు. కాలుతో తొక్కితే రెండు చేతులూ గుడ్డ మీదే ఉంటాయి, పని రెండింతలు సాగుతుంది, చేతి మిషను ఏడాదికి చాలదు అని సేటు అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. కాలు మిషను మీద కూడా నా పరీక్షలన్నీ పెట్టాను. అన్నిట్లో నెగ్గింది. కొత్తగా నేర్చుకున్న పిల్ల కదా, చేతిదే అడిగింది కదా అని మా ఆయన గుర్తుచేశాడు. రంజాన్‌కు ఎన్ని బట్టలు కుట్టాలో మీకేం తెలుసని కసిరాను. నిజం చెప్పాలంటే ఆ రోజు నేను కొన్నది నాకు కావలసిన మిషను.

బండి మీద వేయించుకుని వచ్చేసరికి గల్లీ ఆడవాళ్లంతా మూగారు. కులసుం మొహంలో ఒక్క క్షణం ఏదో మారింది, వెంటనే నవ్వింది. మంచిగున్నది అక్క, అన్నది. వెనక గదిలో పెడదామని చూస్తే ఆ తలుపులోంచి ఇనుప కాళ్లు పట్టలేదు. అడ్డంగా తిప్పాం, నిలువుగా తిప్పాం. చౌకట్టు కొట్టేద్దామంటే కిరాయి ఇల్లు. వంటింటి తలుపు ఇంకా ఇరుకు. వాకిలి ఎండకూ మంచుకూ ఆసరా లేని చోటు. చివరికి దాలాన్‌లోనే, వెలుతురు బాగా పడే స్తంభం పక్కన నిలబెట్టాం. చాచా మంచానికి అది నాలుగడుగుల దూరం. మా ఇంటి నుంచి స్టూలు తెచ్చి వేసి, కులసుం భుజాలు పట్టి కూర్చోబెట్టాను.

ఆమె ఇట్లా కూర్చుందో లేదో, చాచా కుడిచేత్తో మంచం పట్టె పట్టుకుని, చచ్చుబడిన ఎడమ పక్కను ఈడ్చుకుంటూ, మూలుగుతూ గోడ వైపు తిరిగాడు. ఆయనకు అట్లా తిరగడం చిన్న పని కాదు. మేమంతా చూస్తూ నిలబడ్డాం. పూర్తిగా తిరిగి, మా వైపు వీపు పెట్టి, దుప్పటి మీదికి లాక్కున్నాడు. కులసుం స్టూలు మీంచి లేచింది. కొంగు నుదుటి మీదికి లాక్కుని వంటింట్లోకి పోయింది.

నాకప్పుడు తెలిసింది. ఆ ఇంటికి వచ్చిన ఐదేళ్లలో ఆమె మామ ముందు మంచం మీద గానీ పీట మీద గానీ కూర్చున్నది లేదు. వడ్డించి నిలబడేది, లేదంటే తలుపు అవతల నేల మీద కూర్చునేది. నేను మాత్రం? మా మామ బతికున్నన్నాళ్లు కుర్చీ వంక చూసిన పాపాన పోలేదు. ఆయన పోయి ఆరేళ్లైంది, కుర్చీలు నావయ్యాయి, ఆ భయం మరిచిపోయాను. చేతి మిషను నేల మీద పెట్టుకుని కుడతారు. కాలు మిషనుకు ఎత్తు మీద కూర్చోక తప్పదు. గోనె గుడ్డా మల్లు గుడ్డా తిరగేసి చూసిన నాకు, ఆ మిషను ముందు ఎవరు ఎక్కడ కూర్చోవాలో తోచలేదు.

వంటింట్లోకి పోయి, ఆయన ఏమైనా అన్నాడా, ఏమీ అనలేదు కదా, పోయి కూర్చో అన్నాను.

"అంటె మంచిగుండు అక్క. ఏం అనకుండ మొకం తిప్పుకున్నడు. ఇగ ఎట్ల కూసుంట?" అన్నది.

పోనీ నేనే అడిగి వస్తానన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. అడిగితే ఆయన మొహమాటానికి సరే అంటాడని, అట్లా అనిపించుకుని కూర్చోవడం ఇంకా సిగ్గని చెప్పింది. అడగనని ఒట్టు వేయించుకుంది. నేను ఒట్టు వేసినప్పుడు నా గుండె కొంచెం తేలికైంది కూడా. అడిగితే, ఈ మిషను తెచ్చిందెవరని ఆయన నన్నే అంటాడేమోనని నా భయం.

మర్నాడు తాజ్ బేగం వచ్చి చూసి, నన్ను నలుగురిలో కడిగేసింది. తాను ఇరవై ఏళ్లు చేసిన పని నాకు ఒక్క పూటలో వచ్చిందా అని అడిగింది. వారం లోపల వాపసు ఇస్తే సేటు మార్చి ఇస్తాడు, ఈ రోజే పంపమన్నది. మా ఆయన సాయంత్రమే బండి మాట్లాడతానన్నాడు. అందరూ ఒక్కటై అంటుంటే నాకు పంతం వచ్చింది. నాలుగు రోజులైతే అలవాటవుతుంది, ముసలాయన సర్దుకుంటాడు, ఆమె సర్దుకుంటుంది అన్నాను. దాలాన్‌లో అడ్డంగా పాత చీర కట్టించాను. చీర కట్టాక వెలుతురు పోయింది. ఆయన నిద్రపోయినప్పుడు ఒకసారి కూర్చోబెట్టాను. కాలు తొక్కడం కొత్త కదా, చక్రం వెనక్కి తిరిగి దారం పటపటా తెగింది. ఆ చప్పుడుకు ఆయన లేచి దగ్గాడు, ఆమె దిగ్గున లేచిపోయింది. ఆ తర్వాత చీర కూడా తీసేసింది, మామకు గాలి ఆడటం లేదని.

మిషనును మా ఇంట్లో పెట్టి ఆమెను రమ్మనవచ్చు కదా అని ఎవరికైనా తోస్తుంది. మంచం మీది మనిషిని వదిలి ఆమె గంట కన్నా ఎక్కువ కదలలేదు. అది ఒకటి. రెండోది, మా అత్త తురకల పిల్లను అరుగు దాటి లోపలికి రానివ్వదు. నేను మా అత్తతో ఎన్నిటి మీదో పోట్లాడాను, ఈ ఒక్కదాని మీద పోట్లాడలేదు. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ అదే నిజం.

నా పంతం దిగడానికి ఎనిమిది రోజులు పట్టింది. అప్పటికి రంజాన్ నెల మొదలైంది. మా ఆయన దుకాణానికి పోతే చేతి మిషన్లు మూడూ అమ్ముడుపోయాయి. మళ్లీ సరుకు పండగ తర్వాతేనన్నాడు సేటు. కాలు మిషను తల విప్పి, చెక్క పెట్టె మీద నేలన పెట్టి, చేతి పిడి బిగిస్తే చేతి మిషనే అవుతుంది. ఆ పిడి, దానికి పట్టే చక్రం హైదరాబాద్ నుంచి తెప్పిస్తానన్నాడు. వారం అన్నాడు. వారానికొకసారి వారం అన్నాడు. ఉత్త చక్రాన్ని చేత్తో నెడుతూ కుట్టడం ఆరితేరిన తాజ్ బేగం వల్లే కాలేదు. తన మిషను ఇద్దామంటే ఆమెకు ఏడాది తిండి ఆ ఒక్క నెలలోనే.

కులసుం నన్ను ఒక్క మాట అనలేదు. తాజ్ బేగం పంపిన పిల్లల బట్టలు వెనక గదిలో, గడప దగ్గర పడే కాస్త వెలుతురులో కూర్చుని చేతి సూదితో కుట్టింది. రోజా ఉపవాసం ఉండి, చాచా పనులు చూసి, పిల్లను చూసి, మిగిలిన పొద్దంతా చేతి కుట్టు. సూది మొనకు వేలు చివర తోలు గట్టిపడి నల్లగా అయ్యింది. ఒక కుర్తాకు రెండు రోజులు పట్టేది. అదే మిషను మీద ఒక పూట పని. దాలాన్‌లో మిషను మీద దుప్పటి కప్పి ఉండేది. నేను పోయినప్పుడల్లా చాచా గోడ వైపే తిరిగి ఉండేవాడు. పలకరిస్తే అటు నుంచే ఊఁ అనేవాడు. ఇంత కోపమా అని నేను లోలోపల తిట్టుకునేదాన్ని. పండగ దగ్గరికొచ్చేసరికి జనం ఆగలేక, ఇచ్చిన గుడ్డలు వెనక్కి తీసుకుపోయారు.

పండగ రోజు మన్సూర్ వచ్చాడు. నమాజు అయ్యాక మంచం పక్కన కూర్చుని, ఏమంటారని అడిగాడు. మేమిద్దరం తలుపు వెనకే ఉన్నాం. చాచా మెల్లగా ఏదో చెప్పాడు, మాకు వినిపించలేదు. చివరి మాట మాత్రం వినిపించింది.

"తీస్కపో," అన్నాడు.

కులసుం బతిమాలలేదు. పోను అన్న పిల్ల, ఆ ఒక్క మాటకు తలవంచుకుని చీరలు మూట కట్టుకుంది. మూడో రోజు పొద్దున బయలుదేరింది. హబీబకు తల దువ్వి, కొత్త పైజామా తొడిగి, పండగకు న్యాల్‌కల్ నుంచి వచ్చిన ఆడబిడ్డ చేతిలో పెట్టింది. పిల్ల ఆటలో ఉంది, అమ్మ స్టేషన్ దాకా పోయి వస్తుందనుకుంది. నేను రైలు దాకా పోయాను. కోహీర్ ఎంత దూరమని, వారానికొకసారి వచ్చి చూడొచ్చని ఏదో వాగాను. ఆమె కిటికీలోంచి నన్ను చూసింది. "చేతిదే అడిగిన గద అక్క," అన్నది. ఆ నెలంతట్లో ఆమె నన్ను అన్న మాట అదొక్కటే.

నికా అయిపోయిన తొమ్మిదో రోజున పిడీ చక్రమూ వచ్చాయి. సేటు దుకాణం నుంచి అవి చేతికి రాగానే నాకు ఒళ్లు మండిపోయింది. వేసిన ఒట్టుకు ఇక విలువేముంది? నేరుగా చాచా మంచం దగ్గరికి పోయి, వాటిని ఆయన కాళ్ల దగ్గర పడేశాను. తల్లినీ బిడ్డనూ విడదీశారు, ఒక స్టూలు మీద కూర్చున్నందుకు మొహం తిప్పుకున్నారు, ఇప్పుడు చల్లగా ఉందా అని అరిచాను. ఆయన నన్ను అర్థం కానట్టు చూశాడు. నేను చెప్పింది మళ్లీ చెప్పించుకున్నాడు.

"నేను కోపంతోని తిరగలే బేటీ," అన్నాడు. "నా కండ్ల ముందల ఆ పిల్ల ఎత్తు మీద ఎట్ల కూసుంటది? నేను చూడకుంటె కూసుంటది గదా అని గోడ దిక్కు మళ్లిన. నెల దినాలు గోడనే చూసిన. పక్క పుండ్లు పడ్డది. తొలుత ఒక్కసారి తప్ప మల్ల ఒక్క దినం గూడ మిషను సప్పుడు రాలే. పనిల దిల్ లేదు, మనసు కోహీర్ మీద ఉన్నదనుకున్న. జబర్దస్తీగ ఎందుకు ఉంచుకోవాలె అని తీస్కపొమ్మన్న."

ఆయన చొక్కా ఎత్తి కుడి పక్క చూపించాడు. నేను చూడలేకపోయాను. వెనక గదిలో ఆమె చేతి సూదితో కుట్టిన సంగతి ఆయనకు తెలియదు, చేతి కుట్టుకు చప్పుడుండదు కదా. వాళ్లిద్దరి నడుమ మాట మోయడానికి ఆ ఇంట్లో మిగిలింది మూడేళ్ల పిల్ల. బయటి నుంచి రోజూ వచ్చేదాన్ని నేను. ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. చాచా ఆ రోజు నుంచి పిల్లను మంచం మీదే పెట్టుకుని పెంచాడు. ఆయన్ను చూసుకోవడానికి ఉండిపోయిన కూతురు మిషనును ఆ ఎండాకాలమే అమ్మేసింది.

ఈ సంగతి కులసుంకు చెప్పాలా వద్దా అని మూడేళ్లు కొట్టుకున్నాను. ఆమె పండగకో పబ్బానికో వచ్చి, పిల్లను మా అరుగు మీదికి పిలిపించుకుని, గంట ఉండి పోయేది. ఆ ఇంటి గడప తొక్కేది కాదు. ప్రతిసారీ చెబుదామనుకునేదాన్ని, హబీబ ఆమెను అమ్మా అనడానికి తడబడటం చూసి ఊరుకునేదాన్ని.

1965 చలికాలంలో చాచా పోయాడు. కబురు విని కులసుం మొదటి రైలుకే వచ్చింది. చంకలో ఒక బిడ్డ, మళ్లీ నెలలు నిండుతున్న మనిషి. మా అరుగు మీద కూర్చుంది. పక్కింట్లో స్నానం చేయించి, ఆఖరి దీదార్‌కు ఆడవాళ్లను పిలుస్తున్నారు. ఆమె లేవబోయి, మళ్లీ కూర్చుంది.

"ఒక్క మాట చెప్పు అక్క. ఆయన నా మీద కోపంతోనే పోయిండా? అప్పుడు ఒక్కసారి కూసో అని హబీబతోని అనిపించినా నేను పోకపోదును," అన్నది.

చెప్పడానికి నోటిదాకా వచ్చింది. ఆమె అలసిన మొహం, చంకలో బిడ్డ, కడుపు చూశాను. ఆయన కోపానికి వెళ్లిపోయానని అనుకుంటూ ఈమె మూడేళ్లు బతికింది. ఊరికే వెళ్లిపోయానని, ఉండిపోవచ్చునని, ఎవరూ కోపంతో పొమ్మనలేదని ఇప్పుడు తెలిస్తే ఏమవుతుంది? ఆమె మంచికే అనుకున్నాను. అందులో నా మంచి ఎంతుందో అప్పుడు లెక్క చూసుకోలేదు.

"అవును, కోపిష్టి మనిషి. కడదాకా అంతే," అన్నాను.

కులసుం తలూపింది. చంకలో బిడ్డను సర్దుకుంది. తాజ్ బేగం గుమ్మంలోకి వచ్చి, ఆఖరి చూపుకు రమ్మని ఆమెను పేరు పెట్టి పిలిచింది. రాను, మీరు కానివ్వండి అన్నది కులసుం. తాజ్ బేగం నా వైపు చూసి, ఆమెకు నువ్వైనా చెప్పు అన్నది. కాసేపటికి జనాజా మా అరుగు ముందు నుంచే పోయింది. దాని వెనక కొంత దూరం ఏడుస్తూ పరుగెత్తిన హబీబను ఎవరో వెనక్కి తీసుకొచ్చారు. నేను అప్పుడు కూడా చెప్పలేదు.